ఆరోగ్య నిర్ణయాలు వాయిదా పడకుండా: ఇంటినీ ఫోన్‌నీ ఎలా సర్దుకోవాలి

అమెరికాలో ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగులకు పనిచేసే చోటే ఉచితంగా ఫ్లూ టీకా ఏర్పాటు చేసింది. ఏ రోజు, ఏ వేళల్లో వేస్తారో చెబుతూ అందరికీ ఉత్తరాలు వెళ్లాయి. కొందరి ఉత్తరంలో మాత్రం రెండు ఖాళీ గడులు ఉన్నాయి: మీరు ఏ తేదీన వెళ్తారు, ఎన్ని గంటలకు వెళ్తారు అని. అక్కడ రాసుకున్నది ఎవరూ తిరిగి అడగలేదు, ఎవరూ తనిఖీ చేయలేదు. అయినా మామూలు ఉత్తరం అందినవాళ్లలో 33 శాతం మంది టీకా వేయించుకుంటే, ఆ గడులున్న ఉత్తరం అందినవాళ్లలో 37 శాతం మంది వేయించుకున్నారు. పరిశోధకురాలు కేథరిన్ మిల్క్‌మన్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన ఫలితం ఇది. తేదీ ఒక్కటే రాసుకోమన్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గంట కూడా రాసుకోమన్నప్పుడే కనిపించింది.

నాలుగు శాతం చిన్న సంగతి అనిపించవచ్చు. కానీ వాళ్లకు కొత్తగా ఏమీ చెప్పలేదు, డబ్బు ఇవ్వలేదు, భయపెట్టలేదు. రెండు గడులు గీశారు, అంతే. ఇలా ఎవరి ఇష్టానికీ అడ్డు రాకుండా, మంచి పని చేయడాన్ని కాస్త తేలిక చేసే ఏర్పాటును నడ్జ్ అంటారు. ఈ ఆలోచనను ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఏం చేయాలో మనలో చాలామందికి తెలుసు. బీపీ మాత్ర రోజూ వేసుకోవాలని తెలుసు, ఏడాదికోసారి కళ్లు చూపించుకోమన్నారని తెలుసు. అయినా దీర్ఘకాలిక జబ్బులకు రాసిన మందులను చెప్పినట్టు వాడేవాళ్లు సంపన్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. అంతమందినీ బద్ధకస్తులని కొట్టిపారేస్తే లాభం లేదు. ఓపిక ఉన్న రోజున కూర్చుని, ఓపిక లేని రోజు కోసం ఏర్పాటు చేసిపెట్టుకోవాలి. అది ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. మందు మార్చడం, ఆపడం, మోతాదు తగ్గించడం లాంటివి మాత్రం మీ డాక్టరే తేల్చాలి. వాటి జోలికి నేను వెళ్లడం లేదు.

1. ముందు ఒక్క నిర్ణయాన్నే పట్టుకోండి

నడక, బరువు, నిద్ర, మందులు, పరీక్షలు అన్నీ ఒకేసారి సరిచేయాలని కూర్చుంటే వారం తిరక్కుండానే అన్నీ వదిలేస్తాం. మీరు పదే పదే వాయిదా వేస్తున్నవాటిలో, వాయిదా వేస్తే ఎక్కువ నష్టం చేసేది ఏదో ఒకటి ఎంచుకోండి. దాన్ని జరుగుతున్నది జరుగుతున్నట్టు ఒక వాక్యంలో రాయండి. "ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టాలి" అని రాస్తే దాంతో చేయగలిగింది ఏమీ ఉండదు. "రాత్రి మాత్ర వారంలో రెండు మూడు సార్లు తప్పుతోంది" అని రాస్తే దాని మీద పని చేయవచ్చు.

ఆ తర్వాత, ఎందుకు తప్పుతోందో కనిపెట్టాలి. ఒక వారం పాటు తప్పిన ప్రతిసారీ కారణం ఫోన్‌లో నాలుగు ముక్కల్లో రాసిపెట్టుకోండి. మర్చిపోయారా? మందు అయిపోయి కొనడం కుదరలేదా? వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయా? ఖర్చు భారమవుతోందా? రిపోర్టులో ఏం వస్తుందోనని టెన్షనా? అసలు ఈ మందు అవసరమేనా అన్న అనుమానమా?

ఈ వారం పని చాలామందికి అనవసరం అనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అలారం మర్చిపోవడాన్ని మాత్రమే నయం చేస్తుంది. కళ్లు తిరగడానికి గానీ, చేతిలో డబ్బు లేకపోవడానికి గానీ అలారం ఏం చేస్తుంది? ఇది పట్టించుకోకపోవడం వల్లే కావచ్చు, కొన్ని పెద్ద ప్రయోగాలు బోల్తా పడ్డాయి. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 53 వేల మందికి పైగా తీసుకుని, కొందరికి రోజువారీ అరలున్న మాత్రల పెట్టె, కొందరికి టైమర్ ఉన్న మూత, కొందరికి మాత్ర వేసుకున్నాక జరిపే గుర్తులున్న పరికరం పంపారు. ఏడాది తర్వాత చూస్తే, ఏ పరికరమూ ఇవ్వనివాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. అదే ఏడాది గుండెపోటు వచ్చి ఇంటికి వెళ్లిన 1,509 మందితో మరో అధ్యయనం జరిగింది. మూత తీస్తే సమాచారం పంపే సీసాలు, లాటరీ బహుమతులు, తోడుగా ఒక మిత్రుడు, ఇన్ని ఇచ్చినా మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గలేదు. కాబట్టి ఏదైనా కొనేముందు కారణం తెలుసుకోండి. మందు పడడం లేదన్నది కారణమైతే ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి. మానేసి ఊరుకుంటే, మందు పనిచేయడం లేదనుకుని ఆయన మోతాదు పెంచే ప్రమాదం ఉంది. ఖర్చే కారణమైతే అది కూడా సిగ్గుపడకుండా చెప్పండి. అదే మందు తక్కువ ధరలో దొరికే జెనెరిక్ ఉండవచ్చు.

2. తేదీ, గంట, చోటు మూడూ రాయండి

మర్చిపోవడం గానీ వాయిదా వేయడం గానీ మీ సమస్య అని తేలితే, ఆ టీకా ఉత్తరం చేసిన పనే మీరూ చేయండి. "ఈ వారంలో రక్తపరీక్ష చేయించుకోవాలి" అనే బదులు ఇలా రాయండి: "శనివారం ఉదయం 7:30కి, ఏమీ తినకుండా, బస్‌స్టాప్ పక్కనున్న ల్యాబ్‌కి వెళ్తాను. ఆ రోజు పని తగిలితే సోమవారం అదే టైముకి వెళ్తాను." రెండో వాక్యం మర్చిపోకండి. అనుకున్న రోజు తప్పితే ఏం చేయాలో ముందే రాసి లేకపోతే మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది.

రోజూ చేయాల్సిన పనులకు గడియారం కంటే అలవాటు గట్టిది. "రాత్రి 9కి మాత్ర" అనుకుంటే 9కి మీరు ఎక్కడుంటారో తెలియదు. "రాత్రి పళ్లు తోముకుని బ్రష్ పెట్టగానే మాత్ర" అనుకుంటే ఒకదాని వెంట ఒకటి జరిగిపోతుంది. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అనే ఈ పద్ధతిపై మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. టీకా ఉత్తరం వెనకున్నది కూడా ఆ ఆలోచనే.

ఫోన్ క్యాలెండర్‌లో పెట్టేటప్పుడు "డాక్టర్" అని ఒక్క మాట రాసి వదలకండి. అడ్రసు, ఫోన్ నంబరు, తీసుకెళ్లాల్సిన రిపోర్టులు, పరగడుపున వెళ్లాలా వద్దా, అన్నీ ఆ ఎంట్రీలోనే రాయండి. ఆ ఉదయం వెతుక్కోవాల్సిన పని ఎంత తక్కువుంటే వెళ్లే అవకాశం అంత ఎక్కువ.

3. ఏమీ చేయకపోయినా మంచే జరిగేలా డిఫాల్ట్ మార్చండి

మనం ఏమీ ఎంచుకోనప్పుడు దానంతటది జరిగిపోయేదే డిఫాల్ట్. నడ్జ్‌లన్నిటిలో బలమైనది ఇదేనని నేను నమ్ముతాను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో డాక్టర్లు మందు రాసే కంప్యూటర్ తెరను కొద్దిగా మార్చారు. జెనెరిక్ మందు దానంతటదే ఎంపికై ఉంటుంది, బ్రాండ్ మందే కావాలంటే ఒక టిక్ పెట్టాలి. జెనెరిక్ రాయడం 75 శాతం నుంచి 98 శాతానికి చేరింది. డాక్టర్లకు ఎవరూ క్లాసు తీసుకోలేదు, ఏదీ నిషేధించలేదు.

పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి ఇంట్లోనే నమూనా తీసి పంపే పరీక్ష ఒకటుంది. అదే విశ్వవిద్యాలయం వాళ్లు కొందరికి "కిట్ కావాలంటే చెప్పండి" అని రాశారు. మరికొందరికి "వద్దని చెప్పకపోతే కిట్ పంపిస్తాం" అని రాశారు. మొదటివాళ్లలో సుమారు 10 శాతం మంది పరీక్ష చేసుకుంటే, రెండోవాళ్లలో 29 శాతం మంది చేసుకున్నారు.

మీ ఇంట్లో దీన్ని ఇలా పెట్టుకోవచ్చు. డాక్టర్ దగ్గర్నుంచి బయటికి వచ్చేముందే కౌంటర్ దగ్గర ఆగి, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ తీసుకోండి. "వీలు చూసుకుని ఫోన్ చేస్తాను" అన్న మాట నోటి నుంచి రానివ్వకండి. రోజూ వాడే మందులకు మీ మందుల షాపులో గానీ యాప్‌లో గానీ ఆటో రీఫిల్ (అయిపోయేలోపే మందు దానంతటదే వచ్చే ఏర్పాటు) ఉంటే పెట్టుకోండి. డాక్టర్ ఒప్పుకుంటే ఒకేసారి రెండు మూడు నెలల మందు రాయించుకోండి. మందు అయిపోయి తప్పే రోజులు దాంతో చాలావరకు పోతాయి. మాత్రల పెట్టె కళ్ల ముందు ఉండాలి, కానీ తేమ ఉండే బాత్‌రూమ్‌లో వద్దు, పిల్లల చేతికి అందేచోట అసలే వద్దు.

చేయకూడని పనిని కష్టం చేయడం కూడా ఇందులో భాగమే. బ్రిటన్‌లో 1998 నుంచి పారాసిటమాల్‌ను చిన్న ప్యాకెట్లలోనే అమ్మాలని నిబంధన పెట్టారు. కావాలనుకుంటే రెండో షాపుకి వెళ్లి మళ్లీ కొనుక్కోవచ్చు. అయినా ఆ తర్వాతి పదకొండేళ్లలో, అంతకుముందున్న ధోరణితో పోలిస్తే, ఆ మందు ఎక్కువ మింగి చనిపోయేవాళ్లు సుమారు 43 శాతం తగ్గారని అంచనా వేశారు. ఒక ఆవేశపు క్షణానికి, ప్రాణానికి మధ్య ఆ కొద్దిపాటి అడ్డు చాలింది. మీ ఇంట్లో కుంగిపోయి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, పాత మందులు, వాడని నొప్పి మాత్రలు ఈరోజే ఏరి, వాపసు తీసుకునే మందుల షాపులో ఇచ్చేయండి. ఇంట్లో అవసరమైనన్ని మాత్రమే ఉంచండి.

4. రిమైండర్లు తగ్గించండి

రోజుకి పది రిమైండర్లు పెట్టుకుంటే పది రెట్లు గుర్తుంటుందని అనుకుంటాం. కెన్యాలో హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లతో జరిగిన ఒక అధ్యయనంలో కొందరికి రోజూ, కొందరికి వారానికోసారి ఎస్సెమ్మెస్ పంపారు. వారానికోసారి అందుకున్నవాళ్లలో 53 శాతం మంది మందును 90 శాతం రోజులైనా తప్పకుండా వాడారు. ఏ సందేశమూ అందనివాళ్లలో అలా వాడింది 40 శాతం. రోజూ అందుకున్నవాళ్లలో తేడా ఏమీ రాలేదు. రోజూ మోగేదాన్ని చెవి వినడం మానేస్తుంది.

అదే దేశంలో 2010లో ప్రచురితమైన ఇంకో అధ్యయనం నాకు మరీ ఇష్టం. అందులో మందు ఊసే లేదు. వారానికోసారి నర్సు నుంచి "మాంబో?" అని ఒక్క మాట వచ్చేది. స్వాహిలీలో ఎలా ఉన్నావని పలకరింపు అది. రెండు రోజుల్లోపు బాగున్నానని గానీ, ఇబ్బందిగా ఉందని గానీ జవాబు పంపాలి. ఇబ్బంది అన్నవాళ్లకూ, జవాబివ్వనివాళ్లకూ నర్సు ఫోన్ చేసేది. మందు సరిగా వాడినవాళ్లు మామూలు వైద్యం అందినవాళ్లలో 50 శాతం ఉంటే, ఈ పలకరింపు అందినవాళ్లలో 62 శాతం ఉన్నారు. అవతల ఒక మనిషి ఉండడం ఎంత పనిచేస్తుందో చూడండి. పరికరాలు చేయలేనిది అది చేసింది.

మీ ఫోన్ విషయానికి వస్తే, ముందు షాపింగ్, ఆటలు, వార్తల యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. ఆ గోలలో మందు అలారం కూడా కలిసిపోతుంది. ఆరోగ్యానికి ఒకటో రెండో అలారాలు ఉంచి వాటికి వేరే శబ్దం పెట్టండి. పని వెంటనే చేయగలిగే చోట ఉన్నప్పుడే అది మోగాలి. బస్సులో ఉండగా మోగే అలారం, మాత్ర ఇంట్లో ఉంటే, ఆపేయడానికి మాత్రమే పనికొస్తుంది. వేసుకున్నాక టిక్ పెట్టే అలవాటు చేసుకోండి. "వేసుకున్నానా లేదా" అన్న అనుమానంతో రెండోసారి వేసుకోవడం కొన్ని మందుల విషయంలో తప్పిపోవడం కంటే ప్రమాదం. ఒక డోసు తప్పితే ఏం చేయాలో మందు కొనేటప్పుడే ఫార్మసిస్టును అడిగి రిమైండర్ కిందే రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఆ నియమం మందు మందుకీ మారుతుంది.

ఇక ఆ పలకరింపు. అక్క, స్నేహితుడు, పక్కింటివాళ్లు, ఎవరో ఒకరిని అడగండి: "ఆదివారం సాయంత్రం ఒక మెసేజ్ పెట్టు, ఎలా ఉన్నావని. మందులు వేసుకున్నావా అని అడగొద్దు." నిలదీస్తే అబద్ధం చెప్పాలనిపిస్తుంది. పలకరిస్తే ఉన్నది చెప్పాలనిపిస్తుంది.

5. డాక్టర్ గదిలోకి ఖాళీ చేతులతో వెళ్లకండి

నిర్ణయాల్లో పెద్దవి ఈ గదిలోనే జరుగుతాయి: ఆపరేషనా, మందులా, ఆగి చూడడమా. డాక్టర్ చెప్పినదాంట్లో రోగులు 40 నుంచి 80 శాతం వరకు వెంటనే మర్చిపోతారని, గుర్తున్నదాంట్లో కూడా సగానికి దగ్గరగా తప్పుగా గుర్తుంటుందని ఈ విషయం మీద పరిశోధనలను సమీక్షించినవాళ్లు చెబుతారు. భయంగా ఉన్నప్పుడు అది ఇంకా ఎక్కువ. అందుకే జ్ఞాపకశక్తి మీద ఆధారపడకండి.

ముందు రోజే ఫోన్ నోట్స్‌లో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షించి చూసిన ప్రశ్నలివి: నాకున్న దారులు ఏవి? ఒక్కోదానితో మేలేంటి, హానేంటి? ఆ మేలు గానీ హాని గానీ నాకు జరిగే అవకాశం ఎంత? వీటికి నేను ఇంకొకటి కలుపుతాను: ప్రస్తుతానికి ఏమీ చేయకపోతే ఏమవుతుంది? ఈ నాలుగో ప్రశ్న అడిగితే డాక్టర్‌ను అనుమానించినట్టు అవుతుందని చాలామంది మొహమాటపడతారు. అలా ఏం కాదు. మంచి డాక్టర్ దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది. ఒక్కోసారి ఆ జవాబే "ఆరు వారాలు ఆగి చూద్దాం" అవుతుంది.

డాక్టర్ అనుమతి అడిగి, చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. కుదరకపోతే తోడు వచ్చినవాళ్లను రాయమనండి. లేచేముందు "నాకు అర్థమైంది చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. నాకు తెలిసి దీని కంటే చౌకైన, మంచి పద్ధతి ఇంకోటి లేదు.

అంకెల దగ్గర మాత్రం నెమ్మదిగా అడుగు వేయాలి. 1982లో ఒక అధ్యయనంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ కావాలా, రేడియేషన్ కావాలా అని అడిగారు. కొందరికి "ఆపరేషన్ తర్వాత నూటికి 90 మంది బతుకుతారు" అని, కొందరికి "నూటికి 10 మంది చనిపోతారు" అని చెప్పారు. ఒకే లెక్క. అయినా చావు మాట విన్నవాళ్లు ఆపరేషన్‌కు వెనకాడారు. డాక్టర్లు కూడా ఆ ప్రభావానికి లోనయ్యారు! కాబట్టి ఏ అంకె విన్నా రెండో వైపుకి తిప్పి మీరే ఒకసారి పైకి అనుకోండి. రెండు రకాలుగా విన్నాక కూడా అదే నిర్ణయం నిలబడితే అది మీ నిర్ణయం.

"రెట్టింపు", "సగానికి తగ్గింది" లాంటి మాటలు ఇంకా ప్రమాదం. 1995లో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పును రెట్టింపు చేస్తాయని అధికారిక హెచ్చరిక వెలువడింది. అసలు లెక్క ఏమిటంటే, పాత మాత్రలతో ఏడు వేల మందిలో ఒకరికి వచ్చేది, కొత్తవాటితో ఏడు వేల మందిలో ఇద్దరికి వస్తుంది. రెట్టింపన్న మాట నిజమే. కానీ భయపడి ఎంతోమంది మాత్రలే ఆపేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. గర్భం వల్లా, గర్భస్రావం వల్లా గడ్డకట్టే ముప్పు ఆ మాత్ర కంటే ఎక్కువ. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది: "నాలాంటివాళ్లు వెయ్యి మంది ఉంటే, ఇది వాడితే ఎంతమందికి వస్తుంది, వాడకపోతే ఎంతమందికి?" ఈ వాక్యాన్ని ఫోన్‌లో దాచుకోండి. వార్త చదివినా, మందు ప్రకటన చూసినా, డాక్టర్ ముందు కూర్చున్నా ఇదే అడగండి.

అత్యవసరం కాని పెద్ద నిర్ణయమైతే ఆ గదిలోనే ఒప్పుకోవద్దు. "ఎన్ని రోజుల్లో చెబితే ప్రమాదం లేదు?" అని అడిగి, ఆ తేదీని క్యాలెండర్‌లో పెట్టి, ఈలోగా సెకండ్ ఒపీనియన్ తీసుకోండి. గుండెలో నొప్పి, మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి పడిపోవడం, ఊపిరాడకపోవడం లాంటివి అయితే ఇవేవీ వర్తించవు. యాప్ తెరవకండి, ఎవరినీ సలహా అడగకండి, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ మొదటి వరసలో ఉండాలి.

లక్షణాలు టైప్ చేస్తే జవాబిచ్చే ఏఐ చాట్‌బాట్‌లను ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. డాక్టర్‌ని ఏం అడగాలో తయారు చేసుకోవడానికి, రిపోర్టులోని మాటలు అర్థం చేసుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ తప్పు చెప్పేటప్పుడు కూడా అంతే ధీమాగా చెబుతాయి. అది చెప్పిందని మందు మొదలుపెట్టడం గానీ ఆపడం గానీ చేయకండి.

6. కొలిచే ప్రతి అంకెకూ ఒక పని ఉండాలి

చేతి గడియారం అడుగులు, నిద్ర, గుండె వేగం అన్నీ లెక్కపెడుతుంది. ఆ లెక్క చూసి మీరు ఏం మారుస్తారు? జవాబు లేకపోతే ఆ అంకెను తెర మీద నుంచి తీసేయండి. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో బరువు తగ్గే కార్యక్రమంలో ఉన్న యువతలో సగం మందికి శరీరానికి తగిలించుకునే పరికరం ఇచ్చారు. రెండేళ్ల తర్వాత పరికరం ఉన్నవాళ్లు 3.5 కిలోలు తగ్గితే, లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. పరికరాలన్నీ చెడ్డవని దీని అర్థం కాదు. కొనగానే సగం పని అయిపోయిందనుకోవద్దు.

రోజుకి పదివేల అడుగులన్న లక్ష్యం కూడా పరిశోధనలోంచి పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. పెద్ద వయసు మహిళలపై 2019లో వచ్చిన అధ్యయనంలో రోజుకి సుమారు 4,400 అడుగులు నడిచినవాళ్లలోనే మరణాలు, 2,700 నడిచినవాళ్లతో పోలిస్తే, బాగా తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక తేడా పెద్దగా పెరగలేదు. యాప్ పెట్టిన లక్ష్యం అందక నిరాశపడుతుంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరే తగ్గించుకోండి.

పనికొచ్చే కొలతకు మంచి ఉదాహరణ ఇంట్లో బీపీ. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ, వ్యాయామం వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. అలా ఉదయం, సాయంత్రం వారం పాటు రాసి డాక్టర్‌కు చూపించండి. క్లినిక్‌లో కంగారుగా ఉన్నప్పుడు చూసిన ఒక్క అంకె కంటే దీంతో ఆయన మెరుగైన నిర్ణయం తీసుకోగలరు.

మీరు చేసుకున్న మార్పులను కూడా ఇలాగే ఒక నెల తర్వాత కొలవండి. వారంలో మూడుసార్లు తప్పే మాత్ర ఇప్పుడు ఒకసారే తప్పుతోందంటే ఏర్పాటు పనిచేస్తున్నట్టే. అద్భుతాలు మాత్రం ఆశించకండి. అమెరికాలో ప్రభుత్వాల తరఫున పనిచేసే నడ్జ్ బృందాల ప్రయోగాలన్నీ కలిపి చూస్తే సగటు మెరుగుదల 1.4 శాతం పాయింట్లేనని 2022లో ఒక పరిశీలన తేల్చింది. మార్పు కనిపించకపోతే మొదటి మెట్టుకి వెళ్లి కారణం మళ్లీ వెతకండి. ఇంకో యాప్ దింపుకోకండి.

7. మిమ్మల్ని ఎవరు నడిపిస్తున్నారో చూడండి

ఇవే ఉపాయాలు అమ్మేవాళ్లకూ తెలుసు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ముందే టిక్ పెట్టి ఉన్న అదనపు పరీక్షలు, "ఈ ఆఫర్ ఇంకా పది నిమిషాలే" అని తిరిగే గడియారం, చేరడానికి ఒక క్లిక్కు, మానడానికి పది మెట్లు. అవసరం లేని పరీక్షలు ఖర్చుతో పోవు. ఎక్కడో ఒక అంకె కాస్త అటూ ఇటూ వచ్చి ఇంకో స్కానింగ్, ఇంకో టెన్షన్ తెచ్చిపెడతాయి. టిక్‌లన్నీ తీసేసి, డాక్టర్ రాసినవి మాత్రమే మళ్లీ పెట్టండి. గడియారం తిరుగుతుంటే పేజీ మూసేయండి. మీ వైద్య వివరాలు అడిగే యాప్‌కి అవి ఎందుకో, ఎవరికి ఇస్తుందో చూసుకోండి. ఆసుపత్రి రికార్డుకు ఉండే చట్టరక్షణ చాలాచోట్ల యాప్‌లకు ఇచ్చిన సమాచారానికి ఉండదు.

మీరే క్లినిక్ నడుపుతుంటే, ఈ కొలబద్ద మీకూ వర్తిస్తుంది: చేసేదేంటో రోగికి తెలియాలి, వద్దనడం తేలిక కావాలి. ఆ హద్దులో ఉంటూనే ఎంతో చేయవచ్చు. లండన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్ గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లో "మీరు రాకపోతే ఆరోగ్య సేవకు సుమారు 160 పౌండ్లు నష్టం" అన్న వాక్యం చేర్చారు. రానివాళ్లు 11.1 శాతం నుంచి 8.4 శాతానికి తగ్గారు. లాస్ ఏంజెలెస్‌లో అనవసరంగా యాంటీబయాటిక్స్ రాయబోమని డాక్టర్లు తమ ఫొటో, సంతకంతో గోడకు కాగితం అతికించుకుంటే, అలా రాయడం దాదాపు 20 శాతం పాయింట్లు తగ్గింది.

8. మాట్లాడలేని రోజు కోసం

ఒక్కటి మిగిలింది. తీవ్రమైన జబ్బులో తెలివి లేని స్థితి వస్తే ఎలాంటి వైద్యం కావాలో ముందే రాసిపెట్టే పత్రాలు చాలా దేశాల్లో ఉన్నాయి. 2013లో ఒక అధ్యయనంలో ఊపిరితిత్తుల తీవ్ర జబ్బులున్నవాళ్లకు మూడు రకాల ఫారాలు ఇచ్చారు. బాధ తగ్గించే వైద్యం అన్న గడిలో ముందే టిక్ ఉన్న ఫారం అందుకున్నవాళ్లలో 77 శాతం మంది దాన్నే ఉంచుకున్నారు. ఏ టిక్కూ లేని ఫారంలో 61 శాతం మంది దాన్ని ఎంచుకున్నారు. ఆయుష్షు పొడిగించే వైద్యానికి ముందే టిక్ ఉన్న ఫారంలో 43 శాతం మందే దాన్ని కొట్టేసి బాధ తగ్గించే వైద్యం కోరారు. బతుకు చివరి కోరికను కూడా ఎవరో పెట్టిన టిక్ మార్చేస్తోందంటే, ఆ పని ఫారంతో మొదలుపెట్టకూడదు.

తెల్లకాగితం తీసుకోండి. మీకు ఏది ముఖ్యమో, ఏ స్థితిని భరించలేరో, మీ తరఫున ఎవరు మాట్లాడాలో మీ మాటల్లో రాయండి. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించి, ఒప్పుకుంటారా అని అడగండి. ఆ తర్వాతే మీ దేశంలో చెల్లే ఫారం తెచ్చుకుని, ఈ కాగితం పక్కన పెట్టుకుని నింపండి. ఒక కాపీ వాళ్లకు, ఒకటి మీ డాక్టర్‌కు ఇచ్చి, ఫొటో తీసి ఫోన్‌లో ఉంచండి. ఏడాది తర్వాత మళ్లీ చదవడానికి ఒక తేదీ, ఒక గంట క్యాలెండర్‌లో పెట్టండి.